నోరు తెరవొద్దన్న వారం

బస్సులో టికెట్లు కొట్టేది చేతులే గాని, బస్సును నడిపించేది కండక్టరు నోరు. ఈ మాట డ్రైవర్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీ. నారాయణఖేడ్ డిపోలో చేరిన నాటి నుంచి నేను బతికింది నా గొంతు మీదే. తలుపు దగ్గర వేలాడేవాళ్లను లోపలికి జరిపింది, సీటు కోసం కొట్లాడుకునేవాళ్లను విడదీసింది, తాగి ఎక్కినవాణ్ని నడిదారిలో దింపేసింది అంతా ఆ గొంతే. అలాంటి నన్ను పోయిన చలికాలంలో ఒక పళ్ల డాక్టరు వారం రోజులు నోరు మూసుకుని కూర్చోమంది.

నాకు కింది దవడలో కుడివైపు రెండు దంతాలు ఎప్పుడో పోయాయి. మొదట తీసి పెట్టుకునే సెట్టు ఒకటి కట్టించుకున్నాను. కొన్నాళ్లకది వదులైంది. ఒక వారపు అంగడి రోజున మనూర్ స్టాపులో ఒకాయన మేకపోతును బస్సెక్కించబోయాడు. దానికి లగేజీ టికెట్టు తీయాల్సిందేనని నేను, నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటా టికెట్టెందుకని ఆయన. గొంతు పెంచి అరిచేసరికి సెట్టు ఊడి ఎగిరి ఆయన భుజం మీది తువ్వాల్లో పడింది. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, గీనికి సుత లగేజీ టికెటు కొట్టాల్నా?" అన్నాడు. బస్సు బస్సంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ సెట్టును గిన్నెలో పడేసి చాలాసేపు దాని మొహం చూడలేదు.

తర్వాత చాలా కాలం ఒక్క ఎడమవైపుతోనే నమిలాను. మా దిక్కు తిండంటే జొన్నరొట్టె. పొద్దున రొట్టె, మాపటికి రొట్టె. సగం నోటితో దాన్ని నమలడం ఎంత పనో నమిలినవాళ్లకే తెలుసు. అన్నానికి ఓర్చుకున్నాను, జొన్న సంకటిలాంటి గటకకు ఓర్చుకున్నాను, చివరికి ఓపిక చచ్చిపోయి సంగారెడ్డిలో ఒక పళ్ల దవాఖానకు వెళ్లాను. అక్కడ చెప్పారు, దవడ ఎముకలోకి మరలు దించి, అవి కుదురుకున్నాక వాటి మీద పళ్లు బిగిస్తామని. అలా బిగించినవి ఎంత అరిచినా ఊడవట. నాకు కావాల్సింది అదే.

డిపోలో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమంటారో నాకు ముందే తెలుసు. గీ వయసుల పండ్లు కట్టించుకుంటున్నదంట, ఎవనికి నవ్వి చూపెట్టనీకో అంటారు. అందులోనూ నేను ఒంటరిదాన్ని. పెళ్లయింది, పొసగలేదు, తెగిపోయింది, అది పాత ముచ్చట. ఒంటరి ఆడదాని నోట్లో కొత్త పన్ను వస్తే ఊరి నోటికి వారం పని దొరుకుతుంది. అందుకే జ్వరమని చెప్పి సెలవు పెట్టాను.

ఆపరేషన్ నాడు వెంట ఒకరిని తెచ్చుకోమని డాక్టరు ముందే చెప్పింది. చిన్నపిల్ల, నాకు కూతురుంటే అంత ఉంటుంది, కానీ పిల్ల గట్టిది. కుర్చీలో కూర్చోగానే, "అమ్మా, మీతో ఎవరొచ్చారు?" అని అడిగింది.

"అక్క వచ్చింది. బయట కూసున్నది" అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. తల్లి అనొచ్చు, చనిపోయింది. తోటి కండక్టరు అనొచ్చు. అక్క అనే వచ్చింది. మా అక్కకూ నాకూ మాటలు లేక ఏళ్లు గడిచాయి. పని అయిపోయాక డాక్టరు నా నోట్లో గాజుగుడ్డ పెట్టి, "మీ అక్కను లోపలికి పిలవండి, జాగ్రత్తలు చెప్తాను" అంది. నేను చాయ్ కప్పు పట్టుకున్నట్టు చేయి పెట్టి బయటికి చూపించాను. అక్క చాయ్ తాగడానికి పోయిందని. డాక్టరు కాసేపు చూసి, "సరే, అయితే మీరే ఆమెకు చెప్పండి" అని మొదలుపెట్టింది. ఈ రోజంతా చల్లనివే పెట్టాలి, వారం దాకా వేడివి పెట్టొద్దు. బుగ్గ మీద ఐసు కాసేపు పెట్టి కాసేపు తీయాలి. పడుకున్నప్పుడు తల ఎత్తుగా ఉండాలి. గట్టివి నమలనీయొద్దు. గట్టిగా పుక్కిలించి ఉమ్మనీయొద్దు. వారం రోజులు ఎక్కువ మాట్లాడనీయొద్దు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్కకు చెప్పాల్సినవన్నీ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. చల్లనివే పెట్టు. ఐసు పెట్టు. దిండు ఎత్తుగా పెట్టు. పెట్టేవాళ్లు లేరని తెలిసీ చెప్పుకున్నాను. మత్తు దిగని పెదవి నాది కానట్టు వేలాడుతూ ఉంది, ఒళ్లో ఉన్న చేతి మీద నీళ్లు పడితే గాని నేను ఏడుస్తున్నానని నాకే తెలియలేదు.

మా అక్క మనూర్ అవతలి పల్లెలో ఉంటుంది, నేను తిరిగే రూటులోనే. మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, చివరి నెలల్లో నా దగ్గరుంది. దవాఖాన దగ్గరని నేనే ఉంచుకున్నాను. పాణం పోయే ముందు ఊరికి తీసుకుపోదామని అక్క అంది, బండిలో ఆ గుంతల దారికి ఆగదని నేనన్నాను. అవ్వ నా కిరాయి ఇంట్లోనే పోయింది. పదకొండో నాడు, పదిమందిలో, అక్క నా మొహం మీద అంది, "కిరాయింట్ల పాణం పోనిచ్చినవ్ కదనే అవ్వను." నేనూరుకుంటానా, "నువ్వెన్ని దినాలు చూసినవో చెప్పు" అన్నాను. అంతే. ఆ రెండు మాటల తర్వాత మూడో మాట లేదు.

ఒకే రూటులో ఒకరికొకరు కనపడకుండా ఉండటం కుదరదు. అంగడికి వచ్చేటప్పుడు ఆమె నా బస్సే ఎక్కాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక ఒకసారి నా ముందు నిలబడింది. నేను మొహం చూడకుండా, "ఆధార్ కార్డు" అన్నాను. ఒక తల్లి కడుపున పుట్టినదాన్ని ఆధార్ అడిగాను. ఆమె కొంగు ముడి విప్పి, కార్డు తీసి, నా కళ్ల దగ్గరికి తెచ్చి పట్టుకుంది. బాగా చూసుకో అన్నట్టు. నేను జీరో టికెట్టు చింపి ఇచ్చాను. అప్పటి నుంచి ఆమె ఆటోలో పైసలిచ్చి వస్తోంది గాని నా బస్సెక్కలేదు.

ఇల్లు చేరాక ఐసు ఎక్కడిదని ఆలోచన వచ్చింది. నాకు ఫ్రిజ్ లేదు. ఇంటి ఓనర్లు పైన ఉంటారు. ముసల్మానులు, ఇంట్లో దక్కనీ మాట్లాడుకున్నా నాతో తెలుగే. ఆ ఇంటామెను నేను ఆపా అంటాను, వాళ్ల మాటలో అక్క అని. మెట్లెక్కి, బుగ్గ చూపించి, సైగ చేస్తే ఆమెకు మొత్తం అర్థమైపోయింది. ఒక స్టీలు డబ్బా నిండా ఐసు ఇచ్చి, "జల్దీ పోయి పండుకో. నీ దిక్కు ఎవ్వరు లేరా, ఒక్కదానివే తిరుగుతున్నవ్?" అంది. ఉన్నారని తలూపాను.

నా మంచానికి దిండ్లు రెండే. ఒకదాని మీద ఒకటి వేసినా తల కిందికే జారుతోంది. చివరికి గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి, కూర్చునే పడుకున్నాను. దూరపు ఊళ్లలో రాత్రి ఆగే డ్యూటీల్లో బస్సు సీట్లో అలాగే పడుకునేదాన్ని, ఒంటికి అలవాటే. ఆ అలవాటు ఇలా అక్కరకొచ్చింది. తువ్వాలులో ఐసు మూట కట్టి, గదవ కింద నుంచి నెత్తి మీదికి ముడేసుకున్నాను. నొప్పి గోలి పని చేసింది. నొప్పి పెద్దగా లేదు, ఆ మాట నిజంగా చెప్తున్నాను. భయపడ్డంత లేదు.

మరుసటి రోజే అసలు బాధ తెలిసింది, అది పంటిది కాదు. బుగ్గ వాచి నున్నగా మెరుస్తోంది. పెరుగన్నం మెత్తగా పిసికి తిన్నాను. మధ్యాహ్నం రాగి జావ చల్లార్చి చెంచాతో నాలుక వెనక్కి జారవిడిచాను. అరటిపండును చిదిమి తిన్నాను. ఇవన్నీ అయ్యాక కూడా ఇంకా పొద్దుంది. మా ఇల్లు బస్టాండు వెనక సందులో. ఏ బస్సు ఎప్పుడు పోతుందో హారన్ వింటే చెప్తాను. నా మనూర్ బస్సు కదిలింది, లోపల ఇంకెవరిదో గొంతు అరుస్తోంది. నేను లేకపోయినా బస్సు పోతుందని నాకు తెలుసు. తెలిసినా మంచం మీద కూర్చుని అది వినడం వేరు.

రోజూ ఎన్ని వందల మందితో మాట్లాడతానో లెక్క లేదు. ఆ వందల మందిలో నాకు జ్వరమంటే తలుపు తట్టేవాళ్లు ఒక్కరు లేరని ఆ రోజు తెలిసింది. నాతో మాట్లాడినవాళ్లంతా టికెట్టుతో మాట్లాడారు. ఫోను ఒక్కసారి మోగింది. ఎత్తాను. ఎవరో పట్నం పిల్ల, లోను కావాలా మేడం అని చెప్పుకుపోతోంది. మామూలుగా అయితే ఒక్క కసురుతో పెట్టేసేదాన్ని. ఆ రోజు పెట్టలేదు. ఆ పిల్ల వడ్డీ ఎంతో, ఏమేం కాగితాలు కావాలో అన్నీ చెప్పింది, చివరికి "హలో, మేడం, వినిపిస్తుందా?" అని అడిగింది. వినిపిస్తోంది. ఆ పిల్ల పెట్టేసేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను.

మూడో నాడు అంగడి. పొద్దున గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పి, తల వంచి వదిలేయాలని డాక్టరు చెప్పింది. నేను తిప్పాను. తర్వాత బుద్ధి గడ్డి తిని, రోజూ దుమ్ము మింగే గొంతు కదా, అలవాటుగా గట్టిగా ఖాండ్రించి ఉమ్మాను. నీళ్లతో పాటు ఎర్రగా వచ్చింది. మళ్లీ ఉమ్మితే ఇంకా ఎర్రగా. ఫోను చేస్తే డాక్టరు ఒకటే చెప్పింది, "కొత్త గాజుగుడ్డ మడిచి అక్కడ పెట్టి గట్టిగా కరిచి పట్టుకోండి. గంట వరకు తీయొద్దు, నోరు తెరవొద్దు, ఒక్క మాట మాట్లాడొద్దు. మీ అక్కను పక్కన కూర్చోమనండి." సరేనని గొంతులోనే అన్నాను.

గుడ్డ కరుచుకుని, తువ్వాలు కట్టుకుని, గోడ గడియారానికి ఎదురుగా కూర్చున్నాను. అప్పుడు తలుపు తోసుకుని మా అక్క వచ్చింది.

ఒక్క క్షణం నాకు మతి పోయింది. జుట్టు సగం తెల్లబడింది, నడుము కొంచెం వంగింది. చేతిలో బట్ట మూట. గడపలో నిలబడి, "జరమంట గదా. బస్సుల నువ్వు లేవని ఊళ్లె చెప్పిన్రు" అంది. అవ్వ పదకొండో నాటి తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది. లోపలికి వచ్చి చాప మీద కూర్చుని మూట విప్పింది. నువ్వులద్దిన ఖడక్ రొట్టెలు. మా సరిహద్దు ఊళ్లలో జొన్నరొట్టెను పలచగా చేసి, ఎండబెట్టి, వారాల తరబడి దాచుకుంటారు. విరిస్తే అప్పడంలా చప్పుడొస్తుంది.

రొట్టెలు చూడగానే ఆమె ఎందుకొచ్చిందో తెలిసింది. మా ఇండ్లలో మాటలు ఆగిపోయినవాళ్లు మళ్లీ కలిసే పద్ధతి ఒకటే. తప్పు నాదని ఎవరూ అనరు, మన్నించమని ఎవరూ అడగరు. ఒకరు రొట్టెలు కట్టుకుని రెండోవాళ్ల ఇంటికి పోయి ముందు పెడతారు. వాళ్లు ఒక తునక తుంచి, తెచ్చినవాళ్ల కళ్ల ముందే నోట్లో వేసుకోవాలి. వేసుకుంటే పాత మాట అక్కడితో సమాప్తం. ముట్టుకోకపోతే కోపం పోలేదని లెక్క. పెద్దది, నాకంటే ముందు పుట్టినది, తనే కదిలి వచ్చింది.

"తిను" అంది, రొట్టె నా ముందుకు జరిపి.

నా నోట్లో గుడ్డ. పళ్ల మధ్య ఉప్పగా నెత్తురు రుచి. నోరు తెరవొద్దన్న మాట చెవుల్లో గింగురుమంటోంది. ఆగు అక్కా, కొంచెం ఆగు, అని చెప్పడానికి అరచేయి ఎత్తాను. ఎత్తాక తెలిసింది అదేం చేయో. పరుగెత్తుకొచ్చేవాళ్లకు, బస్సులో జాగా లేదు పొమ్మని నేను రోజూ చూపించే చేయి అది. ఆమె ఆ చేతినే చూసింది. నేను కంగారుపడి గడియారం వైపు వేలు చూపించాను, ముల్లు అక్కడికి రాగానే గుడ్డ తీసేస్తానని. కండక్టరు గడియారం చూపిస్తే ఎవరికైనా ఒకటే అర్థమవుతుంది.

"టైమైందా? నేను పోవాల్నా?" అంది.

తల అడ్డంగా ఊపాను. చెంప చూపించాను. తువ్వాలు చెంపంతా కప్పేసింది, వాపు కనపడదు. నేను మొహం చాటు చేసుకున్నానని ఆమెకు అనిపించి ఉంటుంది. రాసి చూపిద్దామంటే ఆమెకు చదువు రాదు. గుడ్డ తీసి పారేస్తే ఒక్క మాటలో అయిపోయేది. తీయలేదు. నెత్తురు భయం ఒకటి. ఇంత కష్టపడి దించుకున్న మర కదిలిపోతుందన్న భయం ఇంకొకటి. ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు. ఇన్నేళ్లు నేను కూర్చోలేదా, ఇంకో అరగంట నువ్వు కూర్చోలేవా అనే పంతం.

ఆమె కాసేపు కూర్చుంది. ఇల్లు కలియజూసింది. అప్పట్లో అవ్వ మంచం ఉన్న మూలను చూసింది. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"సరే తియ్. తినేటట్లయితే తిను, లేకుంటే కుక్కకెయ్" అని బయటికి నడిచింది. చెప్పులు వేసుకున్న చప్పుడైంది. తలుపు దగ్గరికి లాగింది.

నేను లేచి తలుపు దాకా వెళ్లి ఆగాను. అంగడి రోజు కదా, ఉప్పో బెల్లమో కొనుక్కుని తిరిగి ఇటే వస్తుందనుకున్నాను. రాకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను. గడియారం చూస్తూ నిలబడ్డాను. ముల్లు డాక్టరు చెప్పిన చోటికి రాగానే గుడ్డ తీశాను. నెత్తురు ఆగింది. చెప్పుల్లో కాళ్లు దూర్చి, నెత్తిన కట్టిన తువ్వాలుతోనే బస్టాండుకు నడిచాను. మనూర్ బస్సు వెళ్లిపోయింది. ఆటోల దగ్గర అడిగితే, పెద్దామె ఒకతి ఎక్కిందని, ఆటో అప్పుడే పోయిందని చెప్పారు.

సాయంత్రం ఫోను చేశాను. బావ ఎత్తి, "శేన్ల ఉన్నదమ్మా, ఇంక రాలె" అన్నాడు. వెనక అక్క దగ్గు వినపడింది. అది మా అవ్వ దగ్గులాగే ఉంటుంది, ఎక్కడున్నా గుర్తుపడతాను. ఫోను పెట్టేశాను. తర్వాత రెండుసార్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆపా ఐసు తెచ్చి, రొట్టెల మూట చూసి ఏమిటని అడిగింది. మొత్తం చెప్పాను, ముక్కలు ముక్కలుగా, పెదవులు కదలకుండా. ఆమె విని, "ఇంత పరేషాన్ ఎందుకు? పాలల్ల నానబెట్టుకుని తిను, తిన్ననని చెప్పు" అంది. అలా కుదరదు ఆపా, ఆమె చూడాలి అన్నాను. ఆపా కాసేపు నా మంచం పక్కన కూర్చుని, మోకాళ్లు నొక్కుకుని, పైకి వెళ్లిపోయింది. ఆ రాత్రికి ఇంట్లో నేను, రొట్టెలు.

వాపు తగ్గి, నోరు రెండు వేళ్ల మందం తెరుచుకునే వేళకు ఇక ఆగలేకపోయాను. ఆమె తెచ్చిన రొట్టెనే ఆమె ఎదుట తినాలి. బుర్రలో అదొక్కటే. మూట అలాగే కట్టుకుని బస్సెక్కాను. నా డ్యూటీ చేస్తున్న కండక్టరు, "జరం తగ్గిందా అక్కా?" అన్నాడు. తలూపాను. దారి పొడుగునా కంది కోతలు. కొన్నిచోట్ల పంటను రోడ్డు మీదే పరిచారు, బస్సు దాని మీది నుంచే పోయింది. దిగి పల్లెలోకి నడిచాను.

అక్క వాకిట్లో కంది కట్టెను కర్రతో కొడుతోంది. నన్ను చూసింది. తర్వాత నా చేతిలో మూట చూసింది. కర్ర ఆగిపోయింది. ఆమె మొహం చూసి, నేనేం చేశానో అప్పుడు తెలిసింది. తెచ్చిన రొట్టెను ముట్టుకోకపోతే కోపం ఉన్నట్టు. దాన్ని తిరిగి వాళ్లింటికే మోసుకొస్తే, ఇక నాకు మీతో సంబంధమే లేదన్నట్టు. మా అక్క గడపకు నేను ఆ మూట పట్టుకుని వచ్చాను.

"వాపసు తెచ్చినవా" అంది. అడిగినట్టు లేదు. గొంతులో కోపం కూడా లేదు, అదే నన్ను చంపేసింది.

మాటలతో అయ్యే పని కాదు. అక్కడే, కంది పొట్టు మీదే కూర్చుని మూట విప్పాను. రొట్టె విరిచి ఒక తునక నోట్లో వేసుకున్నాను. ఎడమవైపే పెట్టుకున్నాను, కానీ వారం రోజులుగా జావ తాగిన నోరు, దానికి పట్టు దొరకలేదు. రొట్టె అంచు జారి కుట్ల మీద గుచ్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నమిలాను. పెదవి మూల తడిగా తగిలింది, తుడిస్తే వేలికి ఎరుపు.

అక్క కర్ర పారేసి వచ్చి నా గదవ కింద అరచేయి పట్టింది. "ఉమ్మెయ్. ముందు ఉమ్మెయ్యే."

తల ఊపి మింగేశాను. అప్పుడు నోరు తెరిచాను. ఆమె నా గదవ పట్టుకుని ఎండవైపు తిప్పి లోపలికి చూసింది.

"గీ కుట్లేందే? ఎవరన్న కొట్టిన్రా?"

"పండ్లు పెట్టించుకున్న అక్కా. దవడల మరలు దించిన్రు. మొన్న నువ్వొచ్చినప్పుడు నెత్తురు కారుతుండె. నోట్ల గుడ్డ ఉండె. నోరు తెరవొద్దన్నరు."

ఆమె గదవ వదల్లేదు. "ఎంట ఎవరు పోయిన్రు దవాఖానకు?"

"ఎవరు లేరు."

"రాత్రి ఎవరున్నరు?"

"ఎవరు లేరక్కా."

అక్క నా గదవ వదిలింది. లోపలికి వెళ్లి పాలు తెచ్చింది. వేడివి తాగొద్దన్నారని చెప్తే, రెండు గిన్నెల్లో అటు నుంచి ఇటు పోసి పోసి చల్లార్చింది. మిగిలిన రొట్టెను చేత్తో పొడి చేసి అందులో వేసి, మెత్తబడే దాకా గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెంచాతో కలుపుతూ, నా మొహం చూడకుండా, గిన్నెలోకి చూస్తూ అంది.

"చెప్పులేసుకున్నంక సుత నేను పోలె. నీ తలుపుకాడ్నే నిలవడ్డ, శానసేపు. పిలుస్తవేమో అని."

ఆ సేపంతా నేనూ అక్కడే ఉన్నాను. తలుపుకు ఇవతల, గుడ్డ కరుచుకుని, గడియారం చూస్తూ, తనే తిరిగి వస్తుందిలే అని నిలబడి ఉన్నాను. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక చెక్క తలుపు. దానికి గొళ్లెం కూడా పెట్టి లేదు.